ఏనుగు బొమ్మ కింద గీసిన ఇంటూ

నా పాత డైరీ తెరిస్తే కాగితం వాసన కంటే ముందు సైక్లోస్టైల్ సిరా వాసన వస్తుంది. కిరసనాయిలుకీ తారుకీ మధ్య ఎక్కడో ఉండే వాసన, పదకొండేళ్ళు పెట్టెలో మూసి ఉంచినా పోని వాసన. సెలవులకి మస్కట్ వచ్చి, ఘుబ్రాలో అమ్మావాళ్ళ ఫ్లాటులో మంచం కింది ఇనప్పెట్టె సర్దుతుంటే నిన్న మధ్యాహ్నం దొరికింది. దాన్ని పట్టుకున్న నా చూపుడువేలి గోరు మీద, మొన్న రాజమండ్రిలో మొదటిసారి ఓటు వేసినప్పుడు పెట్టిన గుర్తు ఇంకా ఉంది, గోరుతో పాటు పైకి జరిగి. డైరీలో నా ఆరో తరగతి పేజీల మధ్య మడత పెట్టి దాచిన కాగితం ఒకటుంది. ఎడమవైపు ఏనుగు, కుడివైపు గాడిద, ఒక్కో బొమ్మ కింద ఒక సున్నా, ఆ కింద పేర్లు. దాన్ని విప్పాక పెట్టె సర్దడం అక్కడే ఆగిపోయింది. ఎవరికీ చెప్పుకోని సంగతులు పాతబడవు కాబోలు.

అప్పటి ఘుబ్రాలో మా బిల్డింగు రెండంతస్తులది. వెనక విల్లాల తెల్లటి గోడలు, ముందు గులకరాళ్ళ మైదానం, అది దాటితే సముద్రం. ఆరు నెలలు మూసి ఉంచిన కిటికీలు అక్టోబరు చివర్లో తెరిచేవాళ్ళు. ఏసీల గురక ఆగిపోయి, ఇసుకలో ఆరబెట్టిన చేపల వాసనా, వెనక విల్లాలో సాయంత్రం వేసే సాంబ్రాణి పొగా, కింది ఇంటి మలయాళీల కొబ్బరినూనె వాసనా కలిసి ఇంట్లోకొచ్చేవి. సెలవు కాబట్టి శుక్రవారం పొద్దున నాన్న రేడియోని చెవికి ఆనించుకుని, గరగర మధ్యలోంచి వార్తలు ఏరుకునేవాడు. ఆ ఏడు ఎప్పుడు విన్నా అమెరికా ఎన్నికలే. దసరాకి నా స్నేహితురాలు శశికళ వాళ్ళమ్మ రంగుకాగితాలతోనూ గన్నేరుపూలతోనూ బతుకమ్మని పేర్చి టెర్రస్ మీద నీళ్ళ ట్యాంకుల మధ్య పెడితే, ఆరుగురు ఆడవాళ్ళు పాట గట్టిగా వినిపించకుండా చప్పట్లు మాత్రం తడుతూ తిరిగారు. దీపావళికి మా అమ్మ బెల్లం చాలక ఖర్జూరం ముద్దతో బొబ్బట్లు చేసేది. అవి నల్లగా, కొంచెం జిగటగా ఉండేవి, రాజమండ్రిలో తిన్న ఏ బొబ్బట్టూ నాకు అంత బాగుండలేదు.

శశికళ మా పై ఫ్లాటు పిల్ల. వాళ్ళ నాన్న నిజామాబాదు నుంచి వచ్చి సైట్ మీద ఫోర్‌మన్ అయినవాడు. నేను నోరు తెరవడానికి ముందు మూడుసార్లు ఆలోచిస్తే, అది తెరిచాక ఒకసారైనా ఆలోచించేది కాదు. టెర్రస్ మీద తొక్కుడుబిళ్ళ ఆడేటప్పుడు నా కాలు గీత తొక్కిందో లేదో నాకంటే ముందు అదే తేల్చేసేది. క్లాసులో ఎవరైనా నన్నేమైనా అడిగితే జవాబు కూడా అదే చెప్పేది.

మా ఇంటికి శుక్రవారాల్లో వచ్చే మరో మనిషి ఓబులమ్మ. కడప దగ్గర పల్లె నుంచి వచ్చి వెనక విల్లాలో పనికుండేది. ఇంటావిడని అక్కడి పద్ధతిలో 'మామా' అనేది, ఆమె పిల్లలతో అరబ్బీలో తిట్లూ ముద్దులూ రెండూ మాట్లాడేది. వారానికి రెండు గంటలు సెలవిస్తే, ఆ రెండు గంటలూ మా వంటింటి గడప దగ్గర కూర్చుని తెలుగు మాట్లాడి వెళ్ళేది. చేతిలో ఎప్పుడూ ఏదో గిన్నె: పండగ రోజుల్లో మసాలా అన్నం, మామూలప్పుడు కుంకుమపువ్వు వాసనేసే హల్వా. నేను డైరీ రాసుకుంటుంటే పక్కనే కూర్చుని, "అంతంత ఏం రాస్తాండావు పాపా, మా సంగతులన్నీ రాసేస్తాండావా ఏమి?" అని నవ్వేది.

మాకు చరిత్ర చెప్పే సూసన్ మిస్‌కి పాఠాలు నాటకాలుగా ఆడించడం సరదా. రేడియోలో అమెరికా ఎన్నికలు మోగుతున్నాయి కాబట్టి, మనం ఎనభై ఏళ్ళ నాటి అమెరికా ఎన్నికలు క్లాసులో జరుపుదామంది. అప్పుడు కూడా దేశాధ్యక్షుణ్ణీ శాసనసభ్యుల్నీ ఒకే రోజున, ఒకే కాగితం మీద ఎన్నుకునేవాళ్ళట. బోర్డు మీద 1908 అని రాసి, ఏనుగు పార్టీ, గాడిద పార్టీ అని గీసింది. అధ్యక్షుడిగా గెలిచినవాళ్ళు ప్రార్థనలో క్లాసుని ముందు నిలబడి నడిపించాలి. శాసనసభకి గెలిచినవాళ్ళకి వెనక గోడకున్న బూడిదరంగు స్టీలు బీరువా తాళంచెవి ఇస్తానంది.

ఆ మాటతో నేను డెస్కు మీద నుంచి తలెత్తాను. ఆ బీరువాలో అరవై డెబ్భై పుస్తకాలున్నాయి. చూసుకునేవాళ్ళు లేక ఏడాదిగా తాళం వేసే ఉంది. తలుపుల మధ్య సందులోంచి వీపులు మాత్రం కనిపిస్తాయి, ఒకటి ఆకుపచ్చ, ఒకటి మెరూన్, ఒకదాని మీద సగం ఓడ. మా ఇంట్లో పుస్తకాలంటే నాన్న డిక్షనరీ, అమ్మ పంచాంగం. ఇంటర్వెల్‌లో అందరూ బయటికి పరిగెత్తాక ఆ సందుకి కన్ను ఆనించి నిలబడడం నా రహస్యమైన ఆట.

"ఒక్క మాట," అంది మిస్ చాక్‌పీసు ఊపుతూ. "1908లో అమెరికాలో దాదాపు ఎక్కడా ఆడవాళ్ళకి ఓటు లేదు. కాబట్టి క్లాసులో అమ్మాయిలు ఓటు వేయరు."

మేము పదహారుమందిమి. ఒక్కళ్ళమూ కదల్లేదు. అమెరికా అంటే మాకు బొమ్మల పత్రికల్లో చూసిన దేశం, ఆడవాళ్ళు కార్లు నడిపే దేశం, చంద్రుడి మీదికి మనుషుల్ని పంపిన దేశం. అక్కడ అమ్మమ్మలకి ఓటు లేదా? శశికళ మాత్రం లేచి నిలబడి, "ఇదేం న్యాయం మిస్? మా అవ్వకే ఉంది ఓటు, ఊర్ల!" అని తెలుగులో మొదలెట్టి, గుర్తొచ్చి ఇంగ్లీషులోకి మారింది.

మిస్ నవ్వి, నాలుగు రాష్ట్రాల్లో మాత్రం ఆడవాళ్ళకి ఓటుండేదనీ, అక్కడ నిలబడొచ్చనీ కూడా చెప్పి, పదహారు చీటీలు చేసింది. నాలుగింటి మీద రాష్ట్రాల పేర్లు, పన్నెండు ఖాళీ. శశికళకి ఖాళీ చీటీ వచ్చింది. అది ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, వెలుతురుకి పట్టి కూడా చూసింది. నా చీటీలో కొలరాడో అని ఉంది.

"నిలబడవే మాలతీ!" అంది శశికళ.

"నేనా?"

"మరి నేనా? నా చీటీల ఏం లేదాయె. నువ్వు నిలబడు, మాట్లాడేదంతా నేను మాట్లాడుత. నువ్వు నోరు మూసుకొని గెలువు."

అలా నేను గాడిద పార్టీ అభ్యర్థినయ్యాను, ఎందుకంటే ఏనుగు పార్టీలో అప్పటికే సురేష్ పేరు రాయించుకున్నాడు. గెలిస్తే పుస్తకాలు ఆఫీసులో పడేసి బీరువాలో క్రికెట్ బ్యాట్లు పెడతానని వాడి వాగ్దానం. ఇంటికొచ్చి, నన్ను ఏ పార్టీలో వేశారో చెప్తే, అమ్మ గరిటె పప్పులోనే వదిలేసి, "ఆడపిల్లని పట్టుకుని గాడిద అంటారా, ఆ మిస్‌కి బుద్ధుందా?" అని తగువుకి బయల్దేరబోయింది. నాన్న కూర్చున్నచోటే పొట్ట పట్టుకుని నవ్వాడు. "మన గాడిదేగా, గెలవనీ," అన్నాడు.

ఆ వారమంతా నేను నడుస్తుంటే వెనక నుంచి మగపిల్లలు ఓండ్రపెట్టేవాళ్ళు. శశికళ వాళ్ళమీదికి వెళ్ళి, "మీ వ్యాసాలు ఎవరు రాస్తున్నరురా? ఈ గాడిదే గదా!" అనేది. అది నిజమే. శుక్రవారం హోంవర్కులు సగం క్లాసుకి నేనే దిద్ది పెట్టేదాన్ని. శశికళ ఒక్కొక్కణ్ణీ పట్టుకుని మాట తీసుకుంది. పధ్నాలుగుమంది మాలతికే వేస్తామన్నారని నా డైరీ వెనక పేజీలో తనే పేర్లు రాసింది. ఓటర్లు మొత్తం ఇరవై ఇద్దరు. దాని లెక్కలో నేను గెలిచేశాను. అధ్యక్షుడి సంగతికి ఎవరూ కష్టపడలేదు. గాడిద తరఫున రోషన్ ఉన్నా, ఏనుగు తరఫున నిలబడిన నవీద్ అంటే అందరికీ ఇష్టం. ఎవరు పడిపోయినా ముందు చెయ్యిచ్చేవాడు వాడే. నాకూ ఇష్టమే. ఆ సంగతి డైరీలో కూడా రాయలేదు.

శుక్రవారం ఓబులమ్మని అడిగాను, ఓటు ఎలా వేస్తారని. ఆమె గిన్నె పక్కనబెట్టి, కొంగు సర్దుకుని, పెద్ద పని చెప్పేవాళ్ళలా మఠం వేసుకుంది.

"మా ఊర్లో ఓట్లంటే తిర్నాళే పాపా. లైన్లో నిలబడాల. కాయితం ఇస్తారు. చాటుకు పోవాల. బొమ్మ జూసుకోవాల, దాని మీద ఒక్క గుద్దు గుద్దాల, మడిచి డబ్బాలో ఏసి వచ్చెయ్యాల. అంతే."

"మరి పేర్లో?"

"పేర్లతో మనకేం పని? బొమ్మ ఉంది గదా. రెండు తావుల గుద్దినావంటే చెల్లదు. ఒక్కటే గుద్దు."

గడప మీద బొటనవేలు ఆనించి, గట్టిగా నొక్కి చూపించింది. మా అమ్మ కూడా పొయ్యి దగ్గర నుంచే, అవును, ఒక్కటే, అంది. ఆ క్లాసులో ఉన్న ప్రతి పిల్ల, ప్రతి పిల్లవాడి ఇంట్లోనూ ఓటంటే అదే మరి: ఒక బొమ్మ, ఒక గుద్దు.

ఎన్నికల రోజు మిస్ తన బల్లకి దుప్పటి కట్టి చాటు చేసింది. క్లాసు ముప్ఫై నలుగురికీ సైక్లోస్టైల్ చేయించిన కాగితాలు అప్పుడే వచ్చాయి, చేతికి నల్లగా అంటుకుంటున్నాయి. ఓటు లేని పన్నెండుమంది అమ్మాయిలూ గోడవారగా నిలబడి చూస్తున్నారు. శశికళ చేతులు వెనక్కి కట్టుకుని, నేను చాటులోకి వెళ్తుంటే కళ్ళతోనే తోసింది.

చాటులో పెన్సిలు పట్టుకుని నిలబడ్డాను. కుడివైపు, గాడిద కింద, నా పేరుంది. దాని పక్కన ఖాళీ గడి. నా పేరుకి నేనే ఇంటూ పెట్టుకోవడమా? సిగ్గుతో చెవులు వేడెక్కాయి. లెక్కపెట్టేటప్పుడు మిస్ నా రాత గుర్తుపట్టి నవ్వితే? మా ఇంట్లో పండు కోస్తే పెద్దముక్క తీసుకోకూడదు, అడగకుండా మన గురించి చెప్పుకోకూడదు. అయినా పధ్నాలుగుమంది ఉన్నారుగా. నవీద్‌కి మాత్రం వేద్దామనుకుని, ఏనుగు బొమ్మ కింది సున్నాలో ఒక్క ఇంటూ పెట్టి, కాగితం మడిచి డబ్బాలో వేసి, తేలికపడి బయటికొచ్చాను.

మిస్ ఒక్కో కాగితం విప్పి చదువుతుంటే నవీద్ బోర్డు మీద గీతలు గీశాడు. ఒక కాగితంలో ఎవడో ఏనుగుకి మీసాలు గీశాడు, అది చెల్లలేదు. నవీద్ సులువుగా గెలిచాడు. ఆ తర్వాత మిస్ రెండో వరుస చదివింది. సురేష్ పదకొండు. మాలతి పది.

నాకు ముందు అంకెలే అర్థం కాలేదు. పధ్నాలుగు కదా, అనుకున్నాను. శశికళ గోడ దగ్గర నుంచి ముందుకొచ్చేసింది. "ఎట్లయితది? ఎవరో మోసం జేసిన్రు!"

"మోసమేం లేదు," అంది మిస్. "చాలామంది బొమ్మ కింది సున్నాలో గీశారు. సున్నాలో గీస్తే ఆ వరుసలో ఉన్న అందరికీ పడినట్టే. మొదటి రోజే చెప్పాను. ఆ రోజుల్లో అక్కడ చాలాచోట్ల అలాగే ఉండేది. అధ్యక్షుడి మీద ఇష్టంతో గీసిన గీత, కింద పేరు కూడా చూడని మనిషిని సభకి పంపేసేది. ఇవాళ మీరు నేర్చుకోవాల్సింది అదే."

నేను కూర్చున్న బెంచీ ఉన్నట్టుండి చాలా కిందికి దిగిపోయినట్టనిపించింది. పదకొండులో ఒకటి నాది. సురేష్‌ని గెలిపించిన ఆ ఒక్కటీ నాదే. నా పేరు పక్కన పెట్టుకోడానికి సిగ్గుపడి, బీరువాని బ్యాట్లకి ఇచ్చేశాను. బోర్డు మీద గీతల్ని మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టాను. ఎటు నుంచి పెట్టినా అంతే. నవీద్ పేరు పక్క గడిలో గీసి ఊరుకున్నా ఇద్దరికీ చెరి పది. నా పేరు పక్కన కూడా గీసి ఉంటే పదకొండు నావి.

ఇంటర్వెల్‌లో శశికళ నా డైరీ లాక్కుని, తను రాసిన పేర్లు ఒక్కొక్కటే చదువుతూ మగపిల్లల్ని నిలదీసింది. గణేశ్ అనేవాడు బిక్కమొహం వేసి, "నేను నవీద్‌కి మాత్రమే వేశాననుకున్నా, నిజంగా," అన్నాడు.

"ఓటు చేతికిచ్చినా వెయ్యరాదారా నీకు? నా చేతిల ఆ కాయితం పడుంటే చూపెడుతుంటి!" అని అరిచింది శశికళ. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నేను కూడా అదే చేశాను అని ఒక్క మాట అంటే వాడు తలెత్తేవాడు. నా నోరు తెరుచుకోలేదు. శశికళ నా చెయ్యి పట్టుకుని, "ఏడ్వకే, నీ తప్పేం లేదు," అంది.

ఆ సాయంత్రం నోటుపుస్తకం తెరిచి చూస్తే, మొదటి రోజు మిస్ చెప్పినవన్నీ రాసుకున్న పేజీలో, నా గుండ్రటి అక్షరాలతో, కింద గీత కూడా గీసి ఉంది: సున్నాలో గుర్తు పెట్టినచో ఆ పార్టీ వారందరికీ ఓటు పడును. రాసింది నేనే. చాటులోకి వెళ్ళాక నాకు గుర్తొచ్చింది మాత్రం గడప మీద ఆనించిన ఓబులమ్మ బొటనవేలు.

శుక్రవారం ఆమె వచ్చేసరికి అమ్మ స్నానానికెళ్ళింది. వంటింటి గడప దగ్గర, డైరీ ఒళ్ళో పెట్టుకుని, జరిగిందంతా చెప్పాను. నా గొంతులో కోపం ఉండే ఉంటుంది. "నువ్వు చెప్పినట్టే చేశాను, ఒక్కటే గుద్దు," అన్నాను. ఆమె నవ్వుతుందనుకున్నాను, లేకపోతే అయ్యో అంటుందనుకున్నాను. ఆమె గిన్నె మూత తీయకుండా దాని అంచు చుట్టూ వేలు తిప్పింది.

"నాకేం దెలుసు పాపా. నేనెప్పుడేసినా?"

"అదేంటి? నువ్వే చెప్పావుగా, లైను, చాటు..."

"మూడుతూర్లు పోయినా లైనుకు. మూడుతూర్లూ నా వంతు వచ్చేలోపల, నీ ఓటు పడిపోయిందిలే ఇంటికి పోమ్మా అన్న్యారు. ఎవురేసినారో, ఏ బొమ్మ మీద ఏసినారో. కిటికీ కాడ నిలబడి జూసినా, లోపల ఎట్ల గుద్దుతాండారో. అది జూసి నీకు జెప్పినా."

ఎనభై ఏళ్ళ కిందటి అమెరికా ఆడవాళ్ళని తల్చుకుని ఆశ్చర్యపోయిన నేను, మా వంటింటి గడప మీద కూర్చున్న మనిషిని చూసి బిత్తరపోయాను. ఆమెకి ఓటుంది. లిస్టులో పేరుంది. మూడుసార్లు పడింది కూడా. ఆమె మాత్రం ఒక్కసారీ వేయలేదు. నాకు ఓటుండీ నా చేత్తో నేనే పారేసుకున్నానని ఆమెతో ఎలా చెప్పాను, అదీ కోపంగా?

డైరీలోంచి ఆ కాగితం తొంగిచూస్తోంది. మిగిలిపోయిన పన్నెండింటిలో ఒకటి. మిస్ చెత్తబుట్టలో వేస్తే తీసి దాచుకున్నాను.

"ఇదెవురిది?" అంది ఓబులమ్మ.

"ఎవరిదీ కాదు. ఓటు లేనివాళ్ళకి ఇవ్వాల్సినవి, ఇవ్వలేదు."

"ఓటు లేనోళ్ళదైతే నాదే గదా. ఇట్లియ్యి."

తెరిచిన డైరీ మీద పరిచి ఇచ్చాను. పెన్సిలుని పిడికిలితో పట్టుకుంది. బొమ్మల్ని అరచేత్తో మూసేసి, "వీటితో పన్లేదు, పేర్లు జెప్పు," అంది. నవీద్ ఎట్లాంటోడని అడిగింది. ఎవరు పడిపోయినా చెయ్యిస్తాడని చెప్తే, సరే అని వాడి పక్కన గీసింది. రోషన్ సంగతడిగింది, సురేష్ సంగతడిగింది. బ్యాట్ల మాట విని, "పొస్తకాల బీరువాలోనా?" అని మొహం చిట్లించింది. "నీ పేరు యాడుంది?" అంది. వేలు పెట్టి చూపించాను. ఆ గడిలో ఒక గీత గీసి, ఊపిరి బిగబట్టి, దానికి అడ్డంగా రెండోది గీసింది. ఎంత నొక్కిందంటే పెన్సిలు ములుకు విరిగింది.

"ఇట్ల ఒగొగురి పేరూ అడిగి ఏసేదన్నమాట," అంది తనలో తనే.

ఆ తర్వాతి ఏడాది శశికళ వాళ్ళ నాన్నకి సైట్ మారి షినాస్ అనే ఊరికి వెళ్ళిపోయారు. కారెక్కుతూ కూడా అది గణేశ్‌ని తిట్టింది. నేను చెయ్యి ఊపాను. ఓబులమ్మ వీసా అయిపోయి వెళ్ళిపోయింది, కడప దగ్గర ఏ పల్లెనో నేనడగనే లేదు. అంతంత రాసేదాన్ని, ఆ పేరు మాత్రం రాసుకోలేదు. బ్యాట్లు పెట్టిన బీరువా తుప్పుపట్టి పోయిందట. మా రేకు క్లాసుగదుల చోట ఇప్పుడు మూడంతస్తుల బ్లాకు లేచింది. వెనక విల్లా పడగొట్టి షోరూము కట్టారు, సాంబ్రాణి పొగ రాదు. సముద్రం కూడా నాలుగు బిల్డింగుల వెనక్కి వెళ్ళిపోయింది. ఆరబెట్టిన చేపల వాసనని చిన్నప్పుడు విసుక్కున్నాను, నిన్న కిటికీ తెరిచి దానికోసం ఎదురుచూశాను.

మొన్న రాజమండ్రిలో పార్లమెంటుకీ అసెంబ్లీకీ ఒకేరోజు ఓట్లు. నా చేతిలో రెండు కాగితాలు పెట్టారు, ఒకటి తెల్లది, ఒకటి గులాబిరంగుది. చాటులో నిలబడి బొమ్మల్ని అరచేత్తో మూసి, పేర్లు మొత్తం రెండేసిసార్లు చదివాను. బయట లైను గొణుగుతోంది. "ఏమ్మా, పరీక్ష రాస్తున్నావా లోపల?" అని ఎవరో అరిచారు. సిగ్గేసింది, చెవులు వేడెక్కాయి, అయినా కదల్లేదు.

ఇప్పుడు ఆ పాత కాగితాన్ని జాగ్రత్తగా మడిచి, దాని చోట దాన్ని పెట్టి, పేజీ తిప్పాను. ఓబులమ్మ నొక్కిన ఇంటూ డైరీలోకి కూడా దిగింది. ఆ తర్వాతి మూడు పేజీల మీదా దాని గాడి వేలికి తగులుతోంది. అప్పట్లో ఆ పేజీల్లో నేను ఏవేవో రాశాను. తారీకులు, టిఫిన్లు, వానపడిన రోజు. ఆ గాడి వచ్చినచోట నా అక్షరం ప్రతిసారీ కొంచెం వంకర తిరిగింది.